మట్టి గోడ, టేకు మొగురం, గూన పెంక: గోదావరి ఒడ్డు ఊళ్ల ఇల్లు

(శ్రీరాంపూర్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆయన్ని మీలో చాలామంది ‘వడ్ల పెద్దయ్య’ అనే పిలిచేవారు. తన పేరు మీద ఏ సభా వద్దనీ, మాట్లాడితే పని గురించే మాట్లాడుకోమనీ ఇంటివాళ్లతో చెప్పి పోయారు. ఆ మాట మన్నించి ఈ వేదిక మీద ఆయన పేరు గానీ ఫొటో గానీ పెట్టలేదు. నేనూ ఆయన పని గురించే మాట్లాడతాను. వడ్రంగం చేసే ఇంట్లో పుట్టి, సింగరేణిలో టింబర్‌మన్‌గా చేరి, రిటైరయ్యేదాకా భూమి కింద కప్పు నిలబెట్టారు. సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్లకు పోయి భూమి మీద కప్పు నిలబెట్టారు. రెండు చోట్లా ఆయన చేసింది ఒకటే పని. కింద మనుషులు క్షేమంగా ఉండేటట్టు పైన బరువును ఆపడం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇది. మన ఊళ్లలోని మట్టి ఇల్లు ఒక పెద్ద చదువు. అది చేతుల్లో ఉన్న చదువు, పుస్తకాలకు ఎక్కలేదు. ఆ చేతులు ఒక్కొక్కటీ వెళ్లిపోతున్నాయి. అవి మిగిలి ఉండగానే ఆ ఇళ్లను కొలిచి, గీసి, రాసి పెట్టుకోవాలి. గడీలను ఎలాగూ ఎవరో ఒకరు ఫొటోలు తీస్తారు. రైతు ఇంటినీ, కుమ్మరి ఇంటినీ, కూలివాళ్ల గుడిసెనూ మనమే రాసుకోవాలి.

శ్రీరాంపూర్ అనగానే బయటివాళ్లకు గనులు, క్వార్టర్లు, ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలు గుర్తొస్తాయి. నస్పూర్, జైపూర్, లక్సెట్టిపేట, చెన్నూరు దిక్కు నాలుగడుగులు లోపలికి పోతే ఇప్పటికీ అక్కడక్కడా గూన పెంకల కప్పులు కనిపిస్తాయి. దక్షిణాన గోదావరి, అవతలి ఒడ్డున గోదావరిఖని, రామగుండం, వాయవ్యంగా కవ్వాల అడవి. ఇంటికి కావలసిన మట్టి, కట్టె, వెదురు, గడ్డి, సున్నం అన్నీ బండి నడిచేంత దూరంలో దొరికిన చోటు ఇది. అందుకే ఇక్కడి ఇల్లు ఇలా తయారైంది.

మట్టి పని

ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు ముందు మట్టి చూసేవాళ్లు. నల్లరేగడి గోడకు పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పర్రెలు విచ్చుతుంది. ఎర్రమట్టి, పాత ఊరు ఉన్నచోటి పాటిమన్ను, చెరువు మట్టి పాళ్లు చూసుకుని కలిపేవాళ్లు. పుట్టమన్నుకు జిగురెక్కువ. దాన్ని పైపూతకు, పొయ్యికి, గద్దెకు దాచుకునేవాళ్లు.

తవ్విన మట్టిని కుప్పపోసి, నడుమ గుంత చేసి నీళ్లు కట్టేవాళ్లు. కత్తిరించిన వరిగడ్డి చల్లి కాళ్లతో తొక్కేవాళ్లు. పెద్ద ఇల్లయితే ఎడ్లను దింపేవాళ్లు. రాత్రంతా నానితే మట్టి మాగుతుంది, తెల్లారి మళ్లీ తొక్కితే ముద్ద సాగుతుంది. గడ్డి ఊరికే వేసింది కాదు. ఆరేటప్పుడు మట్టి గుంజుకుపోయి పగుళ్లు వస్తాయి. గడ్డిపోచలు ఆ గుంజుడును నలువైపులా పంచి పెద్ద పగులు పడకుండా ఆపుతాయి.

గోడ ఒక్క ఊపున లేవదు. రాతి పునాది మీద మట్టిముద్దలు పేర్చి మూరెడో, మూరన్నరో ఎత్తున ఒక వరస పెట్టి ఆపేస్తారు. అది గట్టిపడేదాకా రెండో వరస జోలికి పోరు. తొందరపడితే పై బరువుకు కింది వరస ఉబ్బి పక్కకు జారుతుంది. ఆరీ ఆరని సమయం చూసి పారతో రెండు పక్కలా చెక్కి సాపు చేస్తారు. అడుగున అడుగున్నర నుంచి రెండడుగుల మందం, పైకి పోయినకొద్దీ సన్నం. ఈ పని అంతా ఎండాకాలంలోనే జరగాలి. మిరుగం దాటి వాన పడిందంటే కప్పు లేని గోడ కరిగిపోతుంది. కాబట్టి ఇల్లు కట్టేవాడి క్యాలెండర్ కార్తెల చేతిలో ఉండేది.

ఆ మందం ఎందుకో మే నెలలో తెలుస్తుంది. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. బయట గోడకు తగిలిన వేడి అంత మట్టిని దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. అది లోపలికి చేరేసరికి పొద్దు గూకి, బయట గాలి చల్లబడుతుంది. అదే మధ్యాహ్నం రేకుల కింద కూర్చుంటే ఎలా ఉంటుందో, నాలుగించుల సిమెంటు స్లాబు కింద రాత్రి పది గంటలకు ఎలా ఉంటుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

గోడ పెట్టింది మగవాళ్లని చెప్పుకుంటాం. కట్టిన గోడను యాభై అరవై ఏండ్లు బతికించింది ఆడవాళ్లు. పేడ, మన్ను కలిపి నేల అలకడం, వానదెబ్బకు కరిగిన చోట మళ్లీ మెత్తడం, పండుగ వస్తున్నదంటే కింద జాజు పట్టె, పైన సున్నం. పెళ్లయిన ఇంటి గోడల నిండా ముగ్గులు. మట్టి ఇల్లు ఒకసారి కట్టి మరిచిపోయే ఇల్లు కాదు. ఏటేటా ఆడమనిషి చేయి తగలకపోతే నాలుగైదు వానాకాలాలకే కూలబడుతుంది. ఈ పనిని ఎవరూ కూలి లెక్కలో రాయలేదు. ఇంటి చరిత్ర రాసేటప్పుడైనా మొదట రాయవలసింది దీన్నే.

కట్టె పని

పెద్దయ్య అసలు విద్య ఇక్కడుంది. మన పాత ఇళ్లలో చాలావాటికి కప్పు బరువును మోసేది గోడ కాదు. గోడలో కలిసిపోయి నిలబడ్డ మొగురాలు మోస్తాయి. రాతి దిమ్మె మీద టేకు మొగురం, దాని తలకు తొలిచిన బెజ్జంలో దూలం కొస, ఆ దూలం మీద దంతెలు, వాటి మీద వాసాలు. అతుకుల్లో ఇనుప చీల లేదు. చెక్క మేకు కొట్టి బిగిస్తారు. వరద వచ్చి ఒక పక్క గోడ పడిపోయినా కప్పు అలాగే నిలబడి ఉండడం గోదావరి ఒడ్డు ఊళ్లలో పెద్దవాళ్లు చూశారు. గోడను మళ్లీ పెట్టుకోవచ్చు, మనిషి బతికి బయటపడితే చాలు అన్నది ఆ కట్టుబడి వెనక ఉన్న ఆలోచన.

మొగురాలకు, దూలాలకు టేకు. అంత స్తోమత లేనివాళ్లకు నల్లమద్ది, ఏగిస. వాసాలకు నిలువునా చీల్చిన తాటిమొద్దు, లేదా వెదురు. పురుగు పట్టదని తలుపులకు వేప వాడినవాళ్లూ ఉన్నారు. నరికిన కట్టెను వెంటనే పనిలోకి దించేవాళ్లు కాదు. వెదురునూ కొన్ని రకాల కట్టెనూ చెరువులో నెలల తరబడి నానేసేవాళ్లు. కట్టెలోని పిండి పదార్థం నీళ్లలో కరిగిపోతే పుచ్చు పురుగుకు తిండి ఉండదు. వెదురును చీకటి రోజుల్లోనే కొట్టాలన్న నమ్మకం కూడా ఉండేది.

ఆయన ఒక పాత ఇంటిని చూసే తీరు గుర్తుంది. ఇంట్లోకి రాగానే కళ్లతో చూడరు, చెవితో చూస్తారు. బాడిసెను తిప్పి పట్టుకుని దాని వెనక వైపుతో దూలాన్ని ఒక కొస నుంచి జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోతారు. గట్టి చెక్క గంగుమంటుంది. చెద లోపల తినేసిన చోట శబ్దం బోలుగా, చచ్చినట్టు వస్తుంది. అక్కడ బొగ్గుతో గీత పెడతారు. ఇంకో మొగురం ఎక్కడ ఊతం పెట్టాలో ఆ గీతలే చెబుతాయి. గనిలోనూ అదే పని. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి పొర విడిందో లేదో తేల్చుకోవాలి. ఇనుప ప్రాపులు వచ్చాక కూడా కట్టె ప్రాపు మీద ఆయనకు గురి పోలేదు. బరువు మించితే ఇనుము హఠాత్తుగా వంగుతుంది గానీ, కట్టె ముందు చిటపటమని చెబుతుంది, మనిషి పక్కకు తప్పుకునే వ్యవధి ఇస్తుంది అనేవారు. గనిలో పాత కార్మికులు చాలామంది ఒప్పుకునే మాట ఇది.

ఇంటి మొత్తం మీద ఎక్కువ కట్టె, ఎక్కువ పనితనం దర్వాజలో కనిపిస్తుంది. గోడ మందమంతా పరుచుకునే టేకు చట్రం, కింద ఎత్తైన కడప, పైకమ్మి మీద చెక్కిన పద్మం, చిలుకలు. తలుపులకు ఇనుప బందులుండవు. రెక్క అంచుకే పైనా కిందా కొమ్ముల్లా మొన వదిలి, వాటిని చట్రంలోని బెజ్జాల్లో నిలబెడతారు. తలుపు తన కాలి మీద తానే తిరుగుతుంది. దర్వాజ ఎత్తేరోజు ఇంటికి పండుగ. పసుపు, కుంకుమ, మామిడాకులు, చట్రం కింద నవధాన్యాలు. వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టి కూలి కాక కట్నం ఇచ్చేవాళ్లు. పనివాణ్ని ఆ ఒక్క పూటైనా ఊరు గౌరవంగా కూర్చోబెట్టింది.

పెంక పని

వానలు వెయ్యి మిల్లీమీటర్లు దాటే నేల ఇది. పాలమూరు, రాయలసీమల్లో నిలిచినట్టు చదునైన మట్టి మిద్దె ఇక్కడ నిలవదు. కప్పుకు వాలు ఉండాలి, సూరు గోడకు బాగా ముందుకు రావాలి. స్తోమత లేనివాళ్లు బోదగడ్డో తాటికమ్మో కప్పుకున్నారు, ఉన్నవాళ్లు గూన పెంక వేసుకున్నారు.

గూన కుమ్మరి సారె మీద పుట్టేది. ఒక వైపు కొంచెం వెడల్పుగా, ఇంకో వైపు సన్నగా గొట్టంలా తీసి, పచ్చిగా ఉన్నప్పుడే తీగతో నిలువునా గాటు పెడతారు. కొంచెం ఆరాక రెండుగా విడదీస్తే జత గూనలు. ఎండబెట్టి ఆములో కాలుస్తారు. కప్పు మీద ఒక వరస వెల్లకిల, దాని అంచుల మీద ఇంకో వరస బోర్ల. పై గూన మీద పడ్డ నీరు కింది గూనలోకి, కింది గూన నుంచి సూరుకు. సున్నం లేదు, మేకు లేదు. తన బరువుకు తానే ఆగాలి. అందుకే ఏటా మిరుగానికి ముందు ఇల్లెక్కి గూన తిరగేయాలి. పగిలినవి తీసి, జారినవి సర్ది, కింద చివికిన వెదురు దబ్బలు మార్చాలి. ఈ పని తెలిసినవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. వాళ్లు గూనల మీద నడుస్తుంటే ఒక్కటీ పగిలేది కాదు.

తరవాత మంగళూరు పెంక వచ్చింది, మన దగ్గర దాన్నే బెంగుళూరు పెంక అంటారు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన కార్ఖానాతో మొదలైన అచ్చు పెంక రైళ్లెక్కి మన దాకా చేరింది. అది ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుంటుంది, ఏటేటా తిరగేయనక్కరలేదు. పనివాడికి శ్రమ తగ్గింది. ఊరి కుమ్మరికి ఒక పెద్ద గిరాకీ పోయింది.

ఇంటి లోపల

పెద్ద రైతులది భవంతి ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే చదరం, చుట్టూ మొగురాల వరస, వాటి వెనక అర్రలు. వెలుతురూ గాలీ ఆ నడిమి చోటు నుంచే వస్తాయి. బయటి గోడలకు కిటికీలు దాదాపు ఉండవు. వాన పడితే నాలుగు దిక్కుల సూరు నీళ్లు అక్కడే దూకి, రాతి కాలువ గుండా బయటికి పోతాయి. చిన్న రైతుది ఒక పెద్ద అర్ర, ముందు సాయబాను, పక్కన ఎడ్ల కొట్టం. వంటకు వెనక ఒక మూల, అంట్లు తోమడానికి జాలారు. ఇంటి ముందు గద్దె. ఊరి మాటంతా దాని మీదే.

సామాన్లు తక్కువ. ఉన్నవాటిలో చాలాభాగం గోడలోనో కప్పులోనో ఇమిడి ఉండేవి. దీపానికి గోడలోనే దిగూడు, బట్టలకు చిలుక్కొయ్య, గొంగళ్లకు దండెం, పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి, ఏడాది సరుక్కు అటుక. నేల మీద మిగిలేది మనిషి పడుకునే చోటే.

ధాన్యానికి గుమ్మి. మేదరివాళ్లు వెదురుతో నిలువెత్తు బుట్ట అల్లి ఇస్తే, ఇంటి ఆడవాళ్లు పేడా మట్టీ కలిపి లోపలా బయటా పూసి ఆరబెట్టేవాళ్లు. గింజలతో పాటు ఎండిన వేపాకు వేసి మూత మెత్తేసేవాళ్లు. జొన్నలు ఎక్కువగా పండితే నేలలో పాతర తవ్వి, గడ్డి పరిచి నింపేవాళ్లు. ఈత చాప ఎరుకలివాళ్లది, గొంగడి కుర్మవాళ్లది, కుండా గోలెం కుమ్మరివి, ఇసుర్రాయీ రోలూ రాతిపనివాళ్లవి, మంచం కోళ్లు వడ్లాయనవి. మంచానికి నులక మాత్రం ఇంట్లోనే పేనుకునేవాళ్లు, జనపనారతోనో గోగునారతోనో. ఆడపిల్ల వెంట పంపే చెక్క సందూకు ఒక్కటే ఇంట్లో తాళం పడే వస్తువు. ఒక్క ఇంటిని లెక్కపెడితే ఊరిలోని పనివాళ్లందరి పనీ అందులో దొరుకుతుంది.

ఎవరి ఇల్లు ఎంత ఎత్తు

ఇదంతా విని ఎవరికైనా ఆ రోజులే బాగున్నాయనిపిస్తే ఒక్క నిమిషం ఆగాలి. ఊళ్లో అందరి కప్పులూ ఒక ఎత్తున లేవు. నిజాం రాజ్యంలో దొర గడీ కట్టినప్పుడు కుమ్మరి పెంకలు, వడ్లాయన పని, మట్టి మోసినవాళ్ల చెమట చాలావరకు వెట్టి కిందికే పోయాయి. కూలి లేని చేతులతో లేచిన గోడలవి. ఊరి బయట మాల, మాదిగ వాడల్లో ఒంటి అర్ర గడ్డి గుడిసెలు. వాటి మొగురాలకు టేకు దొరకలేదు, వరస గోడకు తీరిక దొరకలేదు. కంది కట్టె తడకకు మట్టి మెత్తితే అదే గోడ.

వంటింటి పొగ గురించీ చెప్పుకోవాలి. పొగ పోయే దారి లేని చీకటి మూలలో కట్టెపొయ్యి ముందు కూర్చుని ఎందరో తల్లులు కళ్లూ ఊపిరితిత్తులూ పాడుచేసుకున్నారు. వానాకాలం గోడ పగుళ్లలో తేళ్లు, కప్పులో పాములు. పక్కా ఇల్లు కావాలని మన తల్లులు కోరుకున్నది ఊరికే కాదు. ఆ కోరిక న్యాయమైనది. నేను అడుగుతున్నది మళ్లీ మట్టి ఇళ్లలోకి పోదామని కాదు. మనం దేని నుంచి వచ్చామో మంచీ చెడ్డా రెండూ కలిపి పూర్తిగా తెలుసుకుందామని.

అడవి ఇళ్లు

మనకు ఉత్తరాన, పశ్చిమాన గోండు, కొలాం గూడేల్లో ఇంటి లెక్క వేరు. గుంజలు పాతి, చీల్చిన వెదురుతో తడక అల్లి, రెండు పక్కలా మట్టి, పేడ పూస్తారు. వెదురు అల్లకంలో కొలాములది అందె వేసిన చేయి. ఆ గోడ పలచన, తేలిక. భూమి సారం తగ్గి గూడెం కదలవలసి వస్తే గుంజలు, వాసాలు పీకి బండికెత్తుకుని పోవచ్చు. ఎడ్లబండి మీద ఎక్కగలిగేదే ఇల్లు. ఒకచోట వేళ్లూనుకున్న రైతు ఇంటి మందపు గోడలకు ఎంత అర్థం ఉందో, ఆ పలచని గోడకూ అంతే అర్థం ఉంది.

వాళ్ల జీవితాన్ని దగ్గరుండి రాసిన పనికి మన ప్రాంతమే ఆధారం. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లలో జైనూర్ దగ్గరి మార్లవాయిలో గోండుల నడుమ ఉండి పనిచేశారు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో అచ్చయింది. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. పైదేశం నుంచి వచ్చినాయన అంత ఓపికగా గూడెంలో కూర్చుని రాశారు. మైదానపు ఊళ్లలోని కాపు ఇల్లు, సాలె ఇల్లు, కుమ్మరి ఇల్లు ఎలా ఉండేవో అంత ఓపికతో రాయవలసిన పని ఇంకా మన మీదే ఉంది.

బొగ్గు వచ్చాక

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం 1920ల చివరికి బెల్లంపల్లి చేరింది. ఆ తరవాత మందమర్రి, గోదావరిఖని, మన శ్రీరాంపూర్. కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి వేలమంది వచ్చారు. క్వార్టర్లు అందేదాకా గనుల పక్కన లేచిన గుడిసెలను ఎవరు కట్టారు? ఊళ్లో నేర్చిన చేతులే కట్టాయి. తడక గోడ, విప్పదీసిన తారు డ్రమ్ము రేకు, లోపల అదే దిగూడు, అదే ఉట్టి, అదే అలుకు. పొయ్యిలో మాత్రం కట్టెకు బదులు బొగ్గు వచ్చింది. కార్మికవాడ మీద పొద్దున్నే లేచే ఆ పొగ వాసన ఇక్కడ పెరిగినవాళ్లకు తెలుసు.

క్వార్టరు వచ్చాక ఇంటి మీద మన చేయి పడడం ఆగిపోయింది. గోడ ఎవరో కడతారు, సున్నం ఎవరో వేస్తారు. దానితో సుఖం వచ్చింది. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి వచ్చాయి. ఊళ్లలోనూ స్లాబు వచ్చింది. ఇది ఒక్కరి తప్పు వల్ల జరిగింది కాదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు భవంతి నడిమి చదరంలో గోడ లేచింది, వెలుతురు పోయింది. అడవి చట్టాలు వచ్చాక టేకు అందని పండైంది. గూన చేసే కుమ్మరి కొడుకు ఇంకో పనికి పోయాడు. కోతుల మందలు ఊళ్ల మీద పడ్డాక పెంకలు నిలవడం కష్టమైంది, ఒక్క పూటలో ఏడాది పనిని పాడు చేసిపోతాయి. ఇంటి పథకాల డబ్బు రావాలంటే సిమెంటు, ఇటుకే చూపించాలి. వీటికి తోడు మన దగ్గర రెండు కారణాలున్నాయి. ఓపెన్‌కాస్ట్ గనులకు భూమి ఇచ్చి ఖాళీ అయిన ఊళ్లు, ఎల్లంపల్లి జలాశయం కింద మునిగిన గోదావరి ఒడ్డు ఊళ్లు. అక్కడ ఇళ్లు ఒక్కొక్కటిగా పోలేదు, వీధులకు వీధులే పోయాయి.

ఐర్లాండు నుంచి నేర్చుకోవలసింది

ఇలాంటి దెబ్బ తిన్న ఇంకో దేశం గురించి రెండు మాటలు చెబుతాను. ఐర్లాండు పల్లె ఇల్లు మన ఇంటికి దూరపు చుట్టం. రాయో, గడ్డి కలిపిన మట్టో మందపు గోడలు, వాటికి సున్నం, పైన గడ్డికప్పు. అట్లాంటిక్ సముద్రపు గాలి తగిలే పడమటి ఒడ్డున ఆ కప్పు మీదుగా తాళ్లు కట్టి, కొసలకు రాళ్లు వేలాడదీస్తారు. మన ఉత్తరాంధ్రలో తుఫాను గాలిని తట్టుకోవడానికి చుట్టిల్లు కప్పును నేలకు దగ్గరగా దించినట్టే. మనకు టేకు దొరికింది, వాళ్లకు కట్టె కరువు. బురదనేలల్లో వేల ఏళ్లుగా కూరుకుపోయిన చెట్లను తవ్వి తీసి దూలాలు చేసుకున్నారు. పొయ్యిలోకి కూడా నేలలోంచి తవ్వి ఎండబెట్టిన పీటు గడ్డలే. పగలు కూర్చునే బల్లగా ఉండి, రాత్రి తెరిస్తే పడకయ్యే పెట్టె బల్ల వాళ్ల ఇంటి వస్తువు. తలుపు రెండు ముక్కలుగా ఉంటుంది. కింది సగం వేసి ఉంచితే కోళ్లు లోపలికి రావు, వెలుతురు వస్తుంది.

1841 జనాభా లెక్కల్లో అక్కడి ఇళ్లను నాలుగు తరగతులుగా విడదీశారు. అట్టడుగు తరగతి ఒంటిగది మట్టి గుడిసెలు, సుమారు 4 లక్షల 91 వేలు. పదేళ్లకు మళ్లీ లెక్కపెడితే 1 లక్షా 36 వేలకు పడిపోయాయి. ఆ నడుమ వచ్చింది బంగాళదుంప కరువు. పక్కా ఇళ్లు కట్టుకుని గుడిసెలు వదిలేసినవాళ్లు తక్కువ. చచ్చిపోయారు, ఓడలెక్కి పోయారు, బాడుగ కట్టలేక వెళ్లగొట్టబడ్డారు.

ఆ దేశం దాన్ని మరిచిపోలేదు. 1935లో జానపద సంఘాన్ని పెట్టుకుంది. 1937 నుంచి రెండేళ్ల పాటు దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక పని ఇచ్చారు. ఇంటికి పోయి తాతనూ అవ్వనూ అడిగి, మిగతా పాత సంగతులతో పాటు పాత ఇల్లు ఎలా ఉండేది, పొయ్యి ఎక్కడ, పడక ఎక్కడ, కప్పు ఎవరు వేసేవాళ్లు అని నోటుపుస్తకంలో రాసుకురావాలి. అలా పోగైన రాతలు సుమారు 7 లక్షల 40 వేల పుటలు. ఇప్పటికీ అవి భద్రంగా ఉన్నాయి. ఉత్తర ఐర్లాండులో బెల్‌ఫాస్ట్ దగ్గర కల్ట్రాలో, పల్లెల నుంచి పాత ఇళ్లను రాయి రాయీ గుర్తుపెట్టి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. స్వీడన్ ఈ పద్ధతిని 1891లోనే స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టింది. మన దేశంలో చెన్నై దగ్గరి దక్షిణచిత్రలో 1996 నుంచి దక్షిణాది ఇళ్లున్నాయి. నల్లగొండ జిల్లా ఇక్కత్ నేతకారుల ఇల్లు కూడా అందులో ఒకటి. అంటే చేయగలిగిన పనే.

మనం చేయవలసింది

మొదటిది, కొలత. భూసేకరణకు ఊరు ఎంపికైనప్పుడు పరిహారం కోసం అధికారులు ఎలాగూ ప్రతి ఇంటినీ కొలుస్తారు. గోడ పొడవు, కప్పు రకం, దర్వాజల సంఖ్య రాసుకుంటారు. ఆ కాగితంలో మిగిలేది ధర. అదే రోజు అదే ఇంటికి నేల నక్షా ఒకటి, నాలుగు ఫొటోలు, కట్టినవాళ్ల పేర్లు, మొగురం ఏ కట్టెదో, మట్టి ఎక్కడిదో రాసిన పుట ఒకటి చేరిస్తే పెద్ద ఖర్చు లేదు. ఊరు కదిలాక ఆ కాగితాలే ఊరికి మిగులుతాయి. దీన్ని సేకరణ పనిలో భాగం చేయాలని ఈ సభ ద్వారా కోరుతున్నాను.

రెండోది, చేతులు. గూన తీయగల కుమ్మరులు, వరస గోడ పెట్టగలవాళ్లు, చీల లేకుండా దర్వాజ బిగించగల వడ్లవాళ్లు మంచిర్యాల జిల్లాలో ఇంకా ఉన్నారు. చాలామంది వయసు మీద పడినవాళ్లు. వాళ్లు పని చేస్తుండగా మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి. మట్టి పాళ్లు, కట్టె నానే కాలం, కొలతలు, పనిముట్లు అన్నీ వాళ్ల మాటల్లోనే నమోదు కావాలి. వాళ్లకు ఆ రోజుల కూలి ఇచ్చి చేయించాలి. వెట్టితో కట్టిన గడీల గురించి మాట్లాడుకున్న మనం, ఈ పనిని ఊరికే చేయించుకోకూడదు.

మూడోది, బడి. ఇక్కడ కూర్చున్న పిల్లలకు చెబుతున్నాను. మీ నానమ్మను అడగండి, ఆమె పుట్టిన ఇంటికి ఎన్ని అర్రలు, గుమ్మి ఎక్కడుండేది, గోడకు ఏం పూసేవాళ్లు, ఎవరెవరు ఎక్కడ పడుకునేవాళ్లు అని. అడిగింది అడిగినట్టు రాయండి. తప్పులు పంతులుగార్లు చూసుకుంటారు. ఐర్లాండు పిల్లలు చేసిన పని మీరు చేయలేరా?

నాలుగోది, ఒక్క ఇల్లు. ఈ చుట్టుపక్కల ఖాళీ అవుతున్న ఊళ్లలోంచి ఒక రైతు ఇంటినీ దాని పక్కనే ఒక కూలివాళ్ల గుడిసెనూ ఎంచుకోవాలి. విప్పి, కట్టెలకు అంకెలు వేసి తెచ్చి, ఇదే పట్టణంలో తిరిగి నిలబెట్టాలి. భవంతి ఒక్కటే నిలబెట్టి గుడిసెను వదిలేస్తే మన పిల్లలకు సగం అబద్ధం చెప్పినవాళ్లమవుతాం. ఏటా ఎండాకాలంలో దాని గూన తిరగేయడం, గోడ పూయడం నేర్చుకునేవాళ్ల బడిగా అది నడవాలి. ఆ పని ఆగితే కొన్నేళ్లకే ఆ ఇల్లూ పోతుంది. అందుకే దాని కోసం కట్టేవాళ్లతో పాటు చూసుకునేవాళ్లకు కూడా జీతం ఏర్పాటు చేయాలి.

పెద్దయ్య శిష్యుల్లో ఇద్దరు ముందు వరసలో ఉన్నారు. మొగురాల లెక్క వాళ్లకు తెలుసు. కొలతకు టేపు, ఒక నోటుపుస్తకం, ఫోన్ కెమెరా చాలు. మిరుగానికి ఇంకా వ్యవధి ఉంది, గోడలు పొడిగా ఉన్నాయి. వచ్చే ఆదివారం నుంచి ఊరికో ఇల్లు చొప్పున మొదలుపెడదాం. పేర్లు రాయడానికి పుస్తకం గేటు దగ్గర బల్ల మీద ఉంది. సభ ముగిశాక వచ్చి రాయండి.